తాళంచెవి ఎవరిది? బాధ్యత ఎవరిది?

ఇటీవల ఒక సాయంకాలం భిలాయి సెక్టర్ 7లోని ఒక క్వార్టరు వరండాలో రైల్వే, తపాలా శాఖల తెలుగు సోదరులు కొందరితో మేము సమావేశమైనాము. ఒక తపాలా సోదరుడు తనకు అందిన ఛార్జిషీటును మా చేతికిచ్చాడు. ఖాతాదారులు ఉత్తచేతులతో తిరిగిపోరాదన్న తలంపుతో, సెలవుపై వెళ్తూ ఆయన తన పాస్‌వర్డును తోటి ఉద్యోగికి చెప్పి వెళ్లాడు. ఆ రోజున ఆయన పేరిట ఆమోదం పొందిన ఒక చెల్లింపు తప్పని తరువాత తేలినది. ఆ సొమ్మును ఇప్పుడు ఆయన జీతం నుండి రాబట్టబోతున్నారు.

నిర్లక్ష్యం వలన కలిగిన నష్టాన్ని జీతం నుండి రాబట్టే అధికారం తపాలా శాఖకు 1965 నాటి క్రమశిక్షణ నియమావళి ద్వారా, రైల్వేకు 1968 నాటి నియమావళి ద్వారా ఉన్నది. కనుక ఇది ఆ ఒక్క సోదరుని సమస్య కాదు.

ఒకరు నమోదు చేయాలి, మరొకరు సరిచూచి ఆమోదించాలి అన్న సూత్రం కంప్యూటరుతో పుట్టినది కాదు. తపాలా ఖజానాకు రెండు తాళాలు ఉంటాయి. ఒక చెవి పోస్టుమాస్టరు వద్ద, మరొకటి ట్రెజరరు వద్ద. స్టేషన్ మాస్టరు గేట్‌మన్‌కు ఇచ్చే ప్రైవేటు నంబరు ఇరువైపులా రిజిస్టరుకెక్కుతుంది. నేటి యూజర్ ఐడి కూడా అటువంటి తాళంచెవియే. అయితే ఇనుప తాళంచెవి చేతులు మారినప్పుడు సంతకం ఉంటుంది. తెరపైని అధికారాన్ని ఎక్కడో కూర్చున్నవారు ఇవ్వగలరు, తీసివేయగలరు. తన పేరిట ఏయే అధికారాలున్నవో ఉద్యోగికే తెలియకపోవచ్చు. బదిలీ అయినవాని పాత అధికారం తొలగించకుండా మిగిలిపోవచ్చు.

దీని ఫలితమేమిటో బ్రిటన్ చూచినది. 1999 నుండి 2015 వరకు అక్కడ 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు, ఇతర తపాలా సిబ్బంది హొరైజన్ సాఫ్ట్‌వేర్ చూపిన లెక్కల ఆధారంగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలకు శిక్షలు పొందారు. ఫుజిట్సు సంస్థవారు దూరం నుండి, సబ్ పోస్టుమాస్టరుకు తెలియకుండానే, ఆయన లెక్కలను మార్చగలరని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చినది. 2024లో పార్లమెంటు వందలాది శిక్షలను ఒక్క చట్టంతో రద్దు చేయవలసి వచ్చినది. పోయిన ఇళ్లు, పరువు, ప్రాణాలు మాత్రం చట్టంతో తిరిగి రావు.

2025 ఆగస్టు నాటికి మన తపాలా కార్యాలయాలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినవి. కనుక ఇప్పుడే మాట్లాడవలసి ఉన్నది.

ముందుగా మన తప్పు మనము ఒప్పుకొందాము. ఎంతటి మిత్రునికైనా పాస్‌వర్డు ఇవ్వరాదు. కాని ఇద్దరే ఉన్న కార్యాలయంలో ఒకరు సెలవు పెడితే పని ఎట్లు సాగుతున్నదో యాజమాన్యానికి తెలియదా? పని సాగినన్నాళ్లు చూచీ చూడనట్లుండి, నష్టం వచ్చిననాడు నియమావళి తెరచుట న్యాయం కాదు.

కావున మా కోర్కెలు ఇవి. ప్రతి అధికారాన్ని రాతపూర్వకమైన ఉత్తర్వుతోనే ఇవ్వాలి. సెలవు, బదిలీల దినముననే దానిని నిలిపివేయాలి. బదులు మనిషికి అతని సొంత ఐడి ఉండాలి. ఛార్జిషీటుతో పాటు ఆ ఐడితో ఏ యంత్రం నుండి, ఏ గంటకు ఏ పని జరిగినదో తెలిపే పూర్తి లాగ్ ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలి. అది ఇవ్వనిదే రికవరీ ఉండరాదు.

ఇక్కడి కర్మాగారంలో తయారై మన రైళ్లను మోసే ప్రతి పట్టాపై ఎవరు చేశారో, ఏ నెలలో, ఏ సంవత్సరంలో చేశారో అచ్చై ఉంటుంది. ఉక్కుకు దక్కిన ఆ న్యాయాన్నే ఉద్యోగికీ కోరుతున్నాము. సోదరులారా! రేపు డ్యూటీకి వెళ్లగానే మీ పేరిట ఉన్న అధికారాల జాబితాను రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనిచో ఆ దరఖాస్తు ప్రతిని మీ బ్రాంచి యూనియన్‌కు అందజేయండి.