కీ ఇచ్చే గడియారాలు

ఒకప్పుడు తెలుగునాట పెండ్లికుమారునికి అత్తవారు పెట్టే కానుకలలో చేతి గడియారానికి ప్రత్యేక స్థానం ఉండేది. ఉద్యోగంలో చేరినవాడు జీతంలో మిగిల్చి మోజుపడి కొనుక్కునే వస్తువు అదే. పదవీ విరమణ నాడు సహోద్యోగులు బహూకరించే వస్తువూ అదే. ఉదయం లేవగానే దానికి కీ ఇవ్వడం పెద్దలకు నిత్యకృత్యం. నేడు అట్టి గడియారాలు ఎన్నో ఇళ్లలో బీరువా సొరుగులలో, పాత ఉత్తరాల నడుమ ఆగిపోయి ఉన్నాయి. పారవేయడానికి మనసొప్పదు, బాగుచేయించడానికి మనిషి దొరకడు. వీటిని సేకరించి, విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించడాన్ని కొందరు వ్యాపకంగా చేపట్టారు. తీరిక గలవారి వేడుక అని దీనిని తీసివేయరాదు. ఒక విద్యకు వృత్తిలో వారసులు కరవైనప్పుడు, వ్యాపకంగా చేపట్టినవారే వారసులు కావలసి వస్తుంది. ఆ బాధ్యతకు తగినట్లు వారు నడుచుకొంటున్నారా అన్నది ఆలోచించదగిన విషయం.

భారతదేశంలో చేతి గడియారం సామాన్యుని మణికట్టుకు చేరడంలో హెచ్.ఎం.టి. సంస్థ పాత్ర గొప్పది. యంత్ర పరికరాల తయారీకై 1953లో ఏర్పడిన ఈ ప్రభుత్వరంగ సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో బెంగుళూరులో గడియారాల తయారీ ప్రారంభించింది. జనతా, పైలట్, కోహినూర్ వంటి పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. ఇంతలో 1969లో జపానుకే చెందిన సీకో కంపెనీ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేయగా, గడియారాల లోకమే తారుమారైంది. భారతదేశంలో 1984లో ఏర్పడిన టైటాన్ సంస్థ క్వార్ట్జ్ గడియారాలనే నమ్ముకొని ముందుకు సాగింది. హెచ్.ఎం.టి. గడియారాల విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2016లో ఆమోదం తెలిపింది. అప్పటినుండి ఆ గడియారాలకు విడిభాగాలంటే పాత నిల్వలు, లేదా మరొక పాత గడియారమే.

కీ ఇచ్చే గడియారంలో బ్యాటరీ లేదు. కీ తిప్పినప్పుడు ఒక గుండ్రని డబ్బీలోని ఉక్కు పట్టీ బిగుసుకొంటుంది. అది విప్పుకోవాలని చేసే ప్రయత్నమే దాని శక్తి. ఆ శక్తి ఒక్కసారిగా వృథా కాకుండా పళ్లచక్రాల వరుస చివర ఒక చిన్న కొక్కెం అడ్డుపడి, ఒక్కొక్క పన్నునే వదులుతుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం. దానిని ఎప్పటికప్పుడు వెనుకకు లాగేది వెంట్రుక వంటి హెయిర్‌స్ప్రింగు. 1675లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ ప్రకటించిన ఈ చుట్టల స్ప్రింగే జేబు గడియారాలకు నమ్మదగిన నడకను ప్రసాదించింది. జనతా గడియారం సెకనుకు అయిదు మార్లు, అనగా గంటకు 18,000 మార్లు, రోజుకు 4,32,000 మార్లు టిక్కుమంటుంది. బ్యాలెన్సు చక్రపు ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. అంతటి సన్నని మొనలు అరగకుండా ఉండేందుకే కెంపురాళ్లు పొదుగుతారు. డయలుపై '17 జ్యువెల్స్' అనే అక్షరాలకు అర్థం అదే. అవి కృత్రిమమైన కెంపులు; వాటిని పెరికి అమ్ముకొని ధనవంతుడైనవాడు ఎవడూ లేడు.

ఇంత చిన్న యంత్రం ఆగిపోవడానికి కారణం చాలాసార్లు విరిగిన భాగం కాదు, ఎండిపోయిన నూనె. ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న గడియారంలో నూనె జిగురుగా మారి చక్రాలను పట్టి ఉంచుతుంది. చాలావరకు శుభ్రపరచడమే చికిత్స. అయితే శుభ్రపరచడానికి విప్పాలి. విప్పడంలోనే విద్య యావత్తూ ఉన్నది. బిగిసి ఉన్న స్ప్రింగును మెల్లగా వదులు చేయకుండా పై పలకల మరలు విప్పితే, చక్రాలు ఒక్క ఊపున గిర్రున తిరిగి పళ్లు విరుగుతాయి. కొన్ని గడియారాలలో ఒక మర ఎడమ చుట్టుతో ఉంటుంది. దానిని మామూలు దిశలో విప్పబోతే మరింత బిగిసి తల తెగుతుంది. హెయిర్‌స్ప్రింగుకు శ్రావణం మొన తగలరాని చోట తగిలితే, సరిచేయడానికి పూటంతా చాలకపోవచ్చును. నూనె తక్కువైతే అరుగుదల. ఎక్కువైతే అది పాకి పోరాని చోటికి పోతుంది. ఇవి పుస్తకం చదివినందువల్ల చేతికి రావు.

చేతిలో ఫోను ఉండగా ఈ శ్రమ దేనికని ప్రశ్నించేవారు కలరు. వారి మాటలో నిజం లేకపోలేదు. సెకనుకు 32,768 మార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ముందు, రోజుకు అరనిమిషం అటో ఇటో తప్పే పాత గడియారం నిలువజాలదు. ఒక్కొక్కప్పుడు బాగుచేయించే ఖర్చు గడియారం వెలను మించుతుంది. కానీ రోజుకున్న 86,400 సెకన్లలో ముప్పయి మాత్రమే తప్పడం బ్యాటరీ లేని ఒక ఉక్కు పట్టీకి చిన్న విషయం కాదు. పైగా ఈ గడియారం విప్పడానికి వీలుగా తయారైనది. ప్రతి భాగమూ మరలతో బిగించినదే. ప్రతి దోషానికీ కంటికి కనిపించే కారణం ఉన్నది. మూత తెరవడానికే వీలు లేకుండా జిగురుతో అతికిన పరికరాల నడుమ, ఒక మనిషి తన రెండు చేతులతో ఆమూలాగ్రం అర్థం చేసుకోగల యంత్రం ఒక్కటైనా మిగలడం మేలే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం గంట కొట్టే వేళకు జనం గుమిగూడుతారు. గంట కొట్టే బొమ్మను చూచి ఆనందించేవారే అందరూ. దానిని కదిలించేది ఏమిటని అడిగేవారు అరుదు. వ్యాపకం చేపట్టినవాడు ఆ ప్రశ్న అడిగినవాడు.

అయినప్పటికీ ఈ అభిరుచిలో కొన్ని పోకడలు మెచ్చుకోదగినవి కావు. ఒక గడియారాన్ని బతికించడానికి మూడింటిని గుల్ల చేయడం అందులో మొదటిది. తయారీ ఆగిపోయిన వస్తువు విషయంలో ఇది నిల్వ ధాన్యంలో విత్తనాలను వండుకొని తినడమే. మరొకటి డయలుకు కొత్త రంగు వేయించడం. విపణిలో తళతళలాడే పాత గడియారాలలో అనేకం ఇట్టివే. అసలు కంపెనీ ఎన్నడూ వేయని రంగులు, రాయని అక్షరాలు వాటిపై కనిపిస్తాయి. వెనుక మూతపై చెక్కిన పేరును, బహూకరించిన తేదీని మెరుగు పెట్టే నెపంతో అరగదీయడం ఇంతకన్నా దారుణం. గడియారం నడవాలి గాని, నిన్న పుట్టినట్లు కనిపించవలసిన పని లేదు.

డయలు జోలికి పోరాదనడానికి ఆరోగ్యపరమైన కారణమూ ఉన్నది. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో తయారైన కొన్ని విదేశీ గడియారాల అంకెలకు, ముళ్లకు చీకటిలో మెరిసేందుకు రేడియం కలిపిన రంగు పూసేవారు. కుంచె మొనను పెదవులతో సన్నపరచుకొంటూ ఆ పని చేసిన అమెరికా యువతులు అనేకులు 1920లలో వ్యాధిగ్రస్తులై మరణించారు. ఆ రంగు మెరుపు ఏనాడో పోయినా రేడియం పోలేదు. అది సగానికి తరగడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అట్టి డయలును గీకడం, నోటితో దుమ్ము ఊదడం ప్రమాదకరం. అనుమానం కలిగిన గడియారాన్ని తెరవకుండా ఉంచడమే వివేకం.

ఈ విద్య నేటికీ వృత్తిదారుల వేళ్లలోనే మిగిలి ఉన్నది. బజారు మలుపులో అద్దాల పెట్టె వెనుక, కంటికి భూతద్దం బిగించుకొని కూర్చునే వృద్ధులు ఊరికొకరో ఇద్దరో ఇంకా కనిపిస్తారు. వారిచేత చాలామంది బ్యాటరీ మార్పించుకొని, పట్టీ వేయించుకొని వెళ్లిపోతారు. వారి పిల్లలు ఇతర ఉద్యోగాలలో కుదురుకున్నారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. వ్యాపకం కలవారు వారి దగ్గర పాత పనిముట్లు చవకగా కొనుక్కొని రావడం కాదు, వారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. నేర్పినందుకు తగిన ప్రతిఫలం చెల్లించాలి. చలనచిత్రంలో చూచి నేర్చినవానికి తన చేతి తప్పు తెలియదు. పక్కనున్న గురువుకు అది వెంటనే తెలుస్తుంది.

ఆ వృత్తిదారులకు ఒక ఆనవాయితీ ఉండేది. పని పూర్తయిన పిదప వెనుక మూత లోపలివైపు సూదిమొనతో తేదీనో, తమ గుర్తునో గీసేవారు. పాత గడియారం మూత తెరిస్తే అట్టి గీతలు ఒకదాని కింద ఒకటి కనిపించడం కద్దు. ఎప్పుడు శుభ్రపరచారో, ఎన్ని చేతులు మారిందో తరువాత విప్పేవానికి దానివల్ల తెలిసేది. ఇప్పటివారు లోహంపై గీయనక్కరలేదు. గడియారంతోపాటు ఒక చిన్న కాగితంపై తాము ఏ భాగం మార్చారో, ఏది అసలుదో, ఏ నూనె ఎప్పుడు వేశారో రాసి ఉంచితే చాలును.