బటన్ ఉండాల, మన గొంతు కూడా ఉండాల

పోస్టు కొంచెం పొడుగుదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం మన గ్రూపులో వీడియో గేముల మీద చిన్న వాదన నడిచింది గదా. ఒక తమ్ముడు "కన్సోల్ గేముల్లో వాయిస్ కమాండ్ ఆప్షన్ ఎందుకన్నా? చేతిలో కంట్రోలర్ ఉండంగా నోటితో అరిచేది ఏంది? ఉత్త దండగ" అని రాసినాడు. చానామంది నవ్వు బొమ్మలు పెట్టినారు. నేనూ ఒకటి పెట్టినా. కానీ ఆ రాత్రి మా బావ గుర్తొచ్చినాడు. నా నవ్వు వాపసు తీసుకుంటా ఉండాను. ఎందుకో చెప్తా.

మా మేనత్త కొడుకు నాకంటే 4 ఏండ్లు పెద్ద. టెన్త్‌తో చదువు ఆపేసి నగరిలో పవర్‌లూమ్ మగ్గాలకు పోయినాడు. 2 ఏండ్ల కింద రాత్రి షిఫ్టులో కుడిచెయ్యి మగ్గం పళ్ల చక్రంలో పడి బొటనవేలు, చూపుడువేలు పోయినాయి. అంతకు ముందు ఎప్పుడు తిరుపతికి వచ్చినా ఇద్దరం గేమ్ పార్లర్‌కు పోయేవాళ్లం. నన్ను ఒక్క మ్యాచ్ కూడా గెలవనిచ్చేవాడు కాదు. చెయ్యి పోయినాక పార్లర్ మాటే ఎత్తలేదు. కంట్రోలర్ పట్టుకున్నోళ్లకు తెలుసు. కుడి బొటనవేలు లేకపోతే బటన్లు అందవు, కుడి చూపుడువేలు లేకపోతే ట్రిగ్గర్ అందదు. ఆడేవాడికి సగం గేమ్ ఆ రెండు వేళ్లల్లోనే ఉంటాది.

పోయిన సంక్రాంతి తర్వాత తిరుపతిలో నా ఫ్రెండు రూముకు బావను తీసకపోయినా. వాడి దగ్గర ఒక పాత కన్సోల్, దానికి మాట వినే పరికరం ఉండాయి. కంపెనీ పేరు వద్దులే. సైనికుల గేమ్ పెట్టినాడు. మన వెనక ముగ్గురు మనుషులుంటారు, "అటాక్" అంటే దూకుతారు, "హోల్డ్" అంటే ఆగుతారు. ఎడమచేత్తో నడిపించు, నోటితో ఆర్డర్ వెయ్యి అని బావకు చెప్పినాం.

బావ "అట్టాక్" అన్నాడు. కదల్లేదు. గట్టిగా అన్నాడు. కదల్లేదు. నేను అన్నా. నాదీ వినలేదు. నా ఫ్రెండు చిన్నప్పటి నుంచి కాన్వెంట్‌లో చదివినోడు. వాడు మెల్లగా ఒక్కసారి అన్నాడు, ముగ్గురూ లేచి పరిగెత్తినారు. బావ నవ్వినాడు. "ఏమిరా బామ్మర్దీ, మిషన్ గూడా కాన్వెంటోళ్ల మాటే వింటాదే" అని కంట్రోలర్ పక్కన పెట్టేసినాడు.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మనందరికీ తెలుసు. బ్యాంకులో, ఆఫీసులో, హాస్టల్లో చేరిన మొదటి రోజు మనం నవ్వే నవ్వు అది.

కానీ కథ అక్కడ అయిపోలేదు. మేము టీ తాగి వచ్చేలోపల బావ ఒక్కడే కూర్చోని ఆ మాటను నాలుగు రకాలుగా అని చూసినాడంట. ఏ రకంగా అంటే వింటాదో పట్టేసినాడు. ఆ రోజు చీకటి పడేదాకా ఆడినాడు. ఎడమచెయ్యి నడిపిస్తా ఉంది, నోరు యుద్ధం చేస్తా ఉంది. మళ్లీ నన్ను గెలవనీలేదు.

అందుకే తమ్ముడికి నా జవాబు ఇది: వాయిస్ కమాండ్ ఆప్షన్ గేమును బాగుచేస్తాది. అయితే ఊరికే బాగుచెయ్యదు. మూడు పరీక్షల్లో పాస్ కావాల.

మొదటి పరీక్ష: నోటికి నోటి పని, వేలికి వేలి పని.

బటన్ నొక్కితే కన్నుమూసి తెరిచేలోపల పని అయిపోతాది. మాట అట్ల కాదు. పదం పూర్తిగా పలకాల, మిషన్ దాన్ని గుర్తు పట్టాల, ఆ తర్వాతే పని. అందుకే దూకడం, కాల్చడం, బంతి కొట్టడం నోటికి అప్పజెప్పితే ఓడిపోతాం. 2003లో ప్లేస్టేషన్ 2కి జపాన్‌లో వచ్చి, మరుసటి ఏడు అమెరికాలో 'లైఫ్‌లైన్' అనే పేరుతో వచ్చిన గేమ్ ఉండాది. అందులో ఒక అమ్మాయిని మాటలతోనే నడిపించాల. పక్కన రాక్షసుడు ఉంటే "కాల్చు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఆలోచన కొత్తది, ఆడేవాళ్లకు మాత్రం విసుగు.

నోటికి సరిపోయే పని వేరే ఉండాది, జట్టుకు ఆర్డర్లు వెయ్యడం. 2002లో ప్లేస్టేషన్ 2 గేమ్ 'సోకామ్'కు హెడ్‌సెట్ కలిపి అమ్మినారు. మన సైనికులకు మెనూ తెరిచి ఆర్డర్ వెయ్యొచ్చు, మైకులో చెప్పొచ్చు. 2008లో 'ఎండ్‌వార్' ఇంకా ముందుకు పోయింది. ఎవరు, ఏం చెయ్యాల, ఎక్కడ అనే మూడు ముక్కలు వరసగా చెప్తే మొత్తం యుద్ధం నడిచేది. వద్దనుకుంటే కంట్రోలర్‌తోనూ ఆడొచ్చు. 2012లో 'మాస్ ఎఫెక్ట్ 3'లో జట్టులోని మనిషిని పేరు పెట్టి పిలిచి పని చెప్పొచ్చు. అదే ఏడు 'ఫిఫా 13'లో ఆట ఆపకుండానే ఆటగాణ్ణి మార్చమని, ఫార్మేషన్ మార్చమని నోటితో చెప్పొచ్చు. మామూలుగా అయితే ఆట ఆపాల, మెనూలోకి పోవాల, నాలుగు బటన్లు నొక్కాల. గ్రౌండు బయట నిలబడి అరిచే కోచ్ పని అది, కాబట్టి అరవడమే సహజం. ఇక్కడ వాయిస్ నిజంగా గేమును పెంచింది.

రెండో పరీక్ష: ఆప్షన్ అంటే నిజంగా ఆప్షన్‌గానే ఉండాల.

2013 మేలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించినప్పుడు, కినెక్ట్ అనే కెమెరా, మైకు ఉన్న పరికరం తగిలించకపోతే కన్సోల్ పనిచెయ్యదన్నారు. ఇంట్లో ఎప్పుడూ వింటా ఉండే మైకు ఏంది అని జనం తిరగబడినారు. ఆగస్టుకంతా ఆ షరతు తీసేసినారు. అయినా పెట్టెలో కలిపే 499 డాలర్లకు అమ్మినారు. 2014 జూన్‌లో కినెక్ట్ లేకుండా 399 డాలర్లకు ఇచ్చినారు. 2017కు కినెక్ట్ తయారీయే ఆపేసినారు. బలవంతంగా అంటగట్టినందుకే మంచి పరికరం కూడా చెడ్డపేరు తెచ్చుకుంది అని నా అభిప్రాయం.

మనకైతే ఈ విషయం ఇంకా బాగా అర్థం కావాల. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాస్ ప్రెసిడెన్సీకీ వచ్చింది. మా ఎరుకలోళ్లతో సహా ఎన్నో తెగలను పుట్టుకతోనే దొంగలని రాసి పెట్టినారు. పేరు పిలిస్తే పోయి హాజరు పలకాల. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా రద్దయ్యేసరికి 1952 వచ్చింది. బలవంతంగా గొంతు వినిపించాల్సి రావడం ఎట్లుంటాదో మన ముత్తాతలకు తెలుసు. గేమును దాంతో సమానం చెయ్యడంలేదు నేను. కానీ ఎప్పుడు వినాలో, ఎప్పుడు చెవి మూసుకోవాలో ఆడేవాడి చేతిలో ఉండాల అనే మాట మనకు చిన్నది కాదు. మైకు ఆపేసే బటన్ లేని వాయిస్ కమాండ్ నాకు వద్దు.

మూడో పరీక్ష: ఎవరి నోరు?

అసలు గొడవ ఇక్కడుంది. 2012లో 'స్కైరిమ్' గేముకు కినెక్ట్ వాయిస్ ఇచ్చినారు. ఆ గేములో డ్రాగన్లు మాట్లాడే భాష ఒకటుంది, గేమ్ చేసినోళ్లే కల్పించినారు. ఆ భాషలో మంత్రం అరిస్తే కన్సోల్ గుర్తు పట్టి శత్రువును ఎగరగొట్టేది. ఆలోచించండి. ఏ తల్లీ బిడ్డకు జోల పాడని భాష ఆ మిషన్‌కు అర్థమయింది. కోట్లమంది మాట్లాడే తెలుగు కాలేదు, హిందీ కాలేదు. ఎరుకల మాట, సుగాలీల గోర్ బోలి, నక్కలోళ్ల వాగ్రి గురించి చెప్పే పనే లేదు. చాతకాక కాదు. ఎవరి కోసం చెయ్యాల అనే లెక్కలో మనం లేము, అంతే.

తెలుగుకు తర్వాత కొంచెం దారి దొరికింది. 2017 ఆగస్టులో గూగుల్ ఫోన్లలో తెలుగు వాయిస్ టైపింగ్ వచ్చింది. 2022లో కేంద్రం భాషిణి మొదలుపెట్టింది. కానీ వాళ్ల చూపు ఎక్కువగా 8వ షెడ్యూల్‌లోని 22 భాషల మీద. మన ఇంటి భాషలు ఆ జాబితాలో లేవు. ఇంక మన నగరి తెలుగు సంగతి తెలుసు గదా. సగం వాక్యం తెలుగులో ఎత్తుకుంటాం, అరవంలో దించుతాం.

మరి ఏం చెయ్యొచ్చు? నాకు తోచింది చెప్తా. మా అవ్వ పందులను మేపేది. సాయంత్రం ఒక కూత పెడితే ఎంత దూరాన ఉన్నా వచ్చేవి. పక్కింటి అవ్వ కూత వేరే. ఆమె పందులు ఆమె కూతకే పోయేవి. యానాదుల ఇండ్లల్లో, ఇరుళ్ల ఇండ్లల్లో వేటకుక్కలు ఉన్నోళ్లను అడగండి, ఇదే చెప్తారు. కూతను మనం పెడతాం, జంతువు నేర్చుకుంటాది. గేమ్ కంపెనీలు దీన్ని తిరగేసినాయి. మాట వాళ్లు పెట్టి, మనల్ని నేర్చుకోమంటా ఉండారు.

ఇది కొత్త టెక్నాలజీ కూడా కాదు. 2000లో వచ్చిన నోకియా 3310 గుర్తుందా? అందులో ఒక నంబరుకు మన గొంతుతో పేరు రికార్డు చేసి పెడితే, మళ్లీ ఆ పేరు పలికినప్పుడు డయల్ చేసేది. అది ఏ భాషో ఫోన్‌కు అక్కర్లేదు. ముందు పెట్టిన శబ్దం, ఇప్పుడు పలికిన శబ్దం ఒకటేనా అని చూసేది, అంతే. గేముకు కావాల్సింది ఎన్ని ఆర్డర్లు? 15, 20. ప్రతి ఆర్డర్‌కు "నీ మాట రికార్డు చేసుకో" అని ఒక ఆప్షన్ పెడితే చాలు. లక్షల గంటల రికార్డింగులు సేకరించాల్సిన పనిలేదు. బావ ఎరుకల మాటలో ఆర్డర్ వేస్తాడు, లంబాడీ చెల్లెలు గోర్ బోలిలో వేస్తాది. మాట సరిగ్గా పలకలేని బిడ్డ కూడా తనకు వచ్చిన శబ్దమే పెట్టుకుంటాది.

ఇంక ఎదురు వాదనలు. అవి ఉత్తవి కావు.

ఒకటి, సద్దు. మా వీధిలో మూడు పక్కలా మగ్గాలు. టకటకల్లో పక్కన కూర్చున్నోడి మాటే వినపడదు, మైకుకు ఏం వినపడతాది? మగ్గాలు ఆగాలంటే కరెంటు పోవాల, కరెంటు పోతే టీవీ ఉండదు! అందుకే బటన్ ఎప్పటికీ ఉండాల అంటా ఉండాను. రెండు, సిగ్గు. హాస్టల్లో పదిమంది ముందర ఒక్కడే అరవడం అందరికీ చాతకాదు. దానికీ బటనే జవాబు. మూడు, "మనలో ఎంతమంది దగ్గర కన్సోల్ ఉంది అన్నా?" అని అడుగుతారు. నిజమే, నా దగ్గర కూడా లేదు. కానీ ఈరోజు గేములో చేసిందే రేపు ఫోనులోకి, ఏటీఎంలోకి, ఆస్పత్రి టోకెన్ మిషన్‌లోకి వస్తాది. అప్పుడు అది మన నోటిని వింటాదా లేదా అనేది ఇప్పుడు మనం అడిగేదాన్ని బట్టి ఉంటాది.

అడిగినోళ్లకు దొరికింది కూడా. అలాస్కాలో ఇనుపియాట్ అనే ఆదివాసులు ఉండారు. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ ఒక గేమ్ కంపెనీతో కలిసి 2014లో 'నెవర్ అలోన్' అనే కన్సోల్ గేమ్ తెచ్చింది. కథ వాళ్ల పెద్దోళ్లది, కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే. ఆడేవాడు ఏ దేశమోడైనా ఆ భాష చెవిన పడాల్సిందే. అది వాయిస్ కమాండ్ గేమ్ కాదు. కానీ గేములో మన భాష ఉండేదానికి పెద్ద దేశం, పెద్ద జనాభా అక్కర్లేదు అని చూపించింది. ఇంకోటి, 2018లో మైక్రోసాఫ్ట్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. వేళ్లు లేనోళ్లు పెద్ద బటన్లు, కాలి స్విచ్‌లు దానికి తగిలించుకోవచ్చు. దివ్యాంగ ఆటగాళ్లతో, వాళ్ల సంఘాలతో మాట్లాడి చేసిన పని అది. అంటే కంపెనీలకు చెవులు ఉండాయి, చెప్పేవాళ్లు కావాల.

మన గ్రూపులో బీటెక్ చదివే పిల్లలు ఉండారు. కాలేజీ ప్రాజెక్టు కోసం ఎవరో చేసిన లైబ్రరీ మేనేజ్‌మెంట్‌నే మళ్లీ కాపీ కొట్టే బదులు, 10 ఆర్డర్లను మన ఇంటి మాటల్లో రికార్డు చేసుకొని ఆడే చిన్న గేమ్ ఒకటి చేసి చూడండి. యానాదుల నుంచి, ఎరుకల నుంచి, సుగాలీల నుంచి, ఇరుళ్ల నుంచి, నక్కలోళ్ల నుంచి మాటలు ఇచ్చే పూచీ మాది. మొదట ఆడేవాడు ఎవరో నాకు తెలుసు. ఇప్పుడు కూడా నైట్ షిఫ్టుకే పోతా ఉండాడు, ఆదివారం ఒక్కటే సెలవు.

తమ్ముడూ, నీ మీద కోపం లేదు. రెండు చేతులూ బాగున్నోళ్లకు, ఇంగ్లీషు బాగున్నోళ్లకు ఆ ఆప్షన్ దండగలాగనే కనపడతాది. ఆప్షన్ అనేది అందరూ వాడేదానికి కాదు, అది లేకపోతే ఆడలేనోడి కోసం.

మీ ఇండ్లల్లో "పో", "ఆగు", "రా", "పట్టు" అనే నాలుగు మాటలను మీ భాషలో ఏమంటారో కింద రాయండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.