ఫారం నింపినవాడికే తెలుసు పేజీ ఎలా ఉండాలో

ఏడు నుంచి పది వరకు నేనూ ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. ఇప్పుడు ఎం.సి.ఏ. చదువుతున్నాను.

ఇంటర్‌లో ఉండగా స్కాలర్‌షిప్ ఫారం కోసం అమ్మ ఆ రోజు కూలి మానుకుని నాతో నెట్ సెంటర్‌కు వచ్చింది. అన్నీ నింపి ఫోటో పెట్టి నొక్కితే, ఫోటో సైజు ఎక్కువైందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నింపినదంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి, మళ్లీ డబ్బులు. "ఏం తప్పు రాశావురా?" అంది అమ్మ. తప్పు నాది కాదని, ఆ పేజీ తయారు చేసిన తీరుదని పీజీలో చేరాకే తెలిసింది.

వెబ్ డిజైనింగ్ అనగానే మనవాళ్లు రంగులు, కదిలే బొమ్మల వెంట పడతారు. ముందు ఒక మంచి ఫారం రాయడం నేర్చుకోవాలని నా అభిప్రాయం.

ప్రతి గడికీ లేబుల్ ట్యాగ్ కలపండి. అప్పుడు పేరు మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ ఆ పేరు చదివి చెబుతుంది. గడిలో మసకగా కనిపించే ప్లేస్‌హోల్డర్ దీనికి బదులు కాదు. టైపు చేయగానే అది మాయమవుతుంది. ఫోన్ నంబరు గడికి టైప్ 'టెల్' అని ఇస్తే సెల్‌ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది. ఫోటో ఎంత సైజు ఉండాలో ముందే రాయండి. ఫైలు ఎంచుకోగానే జావాస్క్రిప్ట్‌తో సైజు చూసి అక్కడే చెప్పవచ్చు. సర్వర్‌లో కూడా తప్పక సరిచూడాలి. తప్పు ఏ గడిలో ఉంటే దాని పక్కనే తెలుగులో చెప్పి, మిగతావి అలాగే ఉంచాలి. తెలుగు వత్తులు కింది వరుసకు తగలకుండా సీఎస్ఎస్‌లో లైన్ హైట్ పెంచాలి.

నింపినవి పోకుండా బ్రౌజర్‌లోనే దాచే లోకల్ స్టోరేజ్ కూడా ఉంది. కానీ నెట్ సెంటర్‌లో ఆధార్ నంబరు అలా దాస్తే తర్వాత కూర్చున్నవాడి కంటపడవచ్చు. అలాంటివి దాచకండి.

ఏఐ రాసిస్తుంటే ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతున్నారు. అది రాసిచ్చినదాంట్లో లోపం పట్టాలన్నా ఇవి తెలిసి ఉండాలి. పైగా నెట్ సెంటర్ లైన్లో నిలబడిన అనుభవం మనది. దాన్ని చిన్నతనంగా భావించవద్దు. ఈ పనికి అదీ ఒక అర్హతే.

వెబ్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని సెర్న్ సంస్థ 1993లోనే ప్రకటించింది. మొదలుపెట్టడానికి నోట్‌ప్యాడ్, బ్రౌజర్ చాలు. తమ్ముళ్లూ, మన హాస్టల్ అడ్మిషన్ ఫారాన్నే ఒక పేజీగా రాయండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లోవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి నింపమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ తప్పు వాళ్లది కాదు, మనది. ఆ చోటు దిద్దుకుని మళ్లీ ఇవ్వండి.