కలిసి ఉండే హక్కుకు జీతం కొలతా?

"బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని మన దిక్కు వలస బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటారు. ఆ మాటలు పోయిన మగవాళ్ళ గురించే. చొప్పదండి వంటి ఊళ్ళలో మిగిలిన స్త్రీలకు, పిల్లలకు ఆ దేశంతో ఏం సంబంధమో ఎవరూ అడగరు.

మా నాన్న షార్జాలో ఒక కంపెనీ స్టోరులో లెక్కలు రాసేవాడు. జీతం కాస్త నయం కనుక చిన్నప్పుడు రెండు ఎండాకాలం సెలవులకు అమ్మా నేనూ విజిట్ వీసా మీద పోయాం. ఆ ఒంటిగది, కింద మలయాళీల దుకాణం, శుక్రవారం ముగ్గురం కలిసి తిన్న అన్నం - చొప్పదండిలో మా ఇంటి అరుగు ఎంత నాదో అవీ అంత నావే. మా వాడకట్టులోనే ఉండే నా స్నేహితురాలి తండ్రి అక్కడే తాపీ పని చేసేవాడు. ఆమె ఎన్నడూ పోలేదు. రెండేండ్లకోసారి వచ్చే తండ్రిని చూసి తలుపు చాటుకు పోయేది. మా తండ్రుల ప్రేమలో తేడా లేదు, జీతంలో ఉంది.

దీన్ని తలరాత అనుకోవద్దు. ఇది మనుషులు రాసిన నిబంధన. యు.ఎ.ఇ.లో 2019 నుంచి భార్యాపిల్లల్ని దగ్గర ఉంచుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. అంతకుముందు ఏ పని చేస్తున్నాడన్నదీ చూసేవారు. క్యాంపులో ఉండే కూలీకి ఇది అందని మాట.

అమెరికా పౌరులైన మనవాళ్ళ కోసం ప్రభుత్వం 2005లో ఓ.సి.ఐ. కార్డు తెచ్చింది. రెండు దేశాల అనుబంధం వాళ్ళకు కార్డు రూపంలో దొరికింది. తాపీ మేస్త్రీ బిడ్డకు దొరికింది ఫోనులో గొంతు మాత్రమే.

"డబ్బు పంపుతున్నాడు కదా, ఇంకేం కావాలి?" అంటారు. బీడీలు చుట్టుకుంటూ, వీసా అప్పుకు వడ్డీ కడుతూ, పిల్లలకు తల్లీ తండ్రీ తానే అయిన స్త్రీని ఆ ప్రశ్న అడిగి చూడండి.

చట్టాలు మారవని కాదు. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా కూడా భారత పౌరసత్వం వచ్చేలా 1992లో సవరించారు. అప్పటిదాకా తండ్రి ద్వారానే వచ్చేది. తండ్రి బతికి ఉన్నా, దగ్గర లేనప్పుడు తల్లి సహజ సంరక్షకురాలేనని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది.

వలస కార్మికుల కుటుంబాలు కలిసి ఉండేలా చూడాలని ఐక్యరాజ్యసమితి 1990 ఒడంబడికలోని 44వ అధికరణం చెప్తుంది. అది 2003లో అమల్లోకి వచ్చింది. భారతదేశం గాని, గల్ఫ్ దేశాలు గాని అందులో చేరలేదు. మన ప్రభుత్వం ముందు అందులో చేరాలి. గల్ఫ్ దేశాలతో చేసుకునే కార్మిక ఒప్పందాల్లో, జీతంతో నిమిత్తం లేకుండా ఏడాదికోసారైనా కుటుంబం పోయి కలిసే హక్కును రాయించాలి. ఓట్ల కోసం మన గడపకు వచ్చేవాళ్ళను మహిళా సంఘాలు ముందుగా అడగవలసింది ఇదే.