కుర్చీల లెక్క కాదు, కదలిక లెక్క కావాలి

జీఎస్-2లో సంక్షేమ పథకాల మీద ప్రశ్న రాగానే చాలామంది అభ్యర్థులు రాసే జవాబు తెలిసిందే: పథకం పేరు, మొదలైన ఏడాది, లబ్ధిదారుల సంఖ్య, చివర ఓ మంచి మాట. దివ్యాంగులకు ఉపకరణాలు అందించే ఏడీఐపీ పథకం గురించి అలా రాస్తే అది ప్రభుత్వ ప్రకటనకు నకలు అవుతుందే తప్ప విశ్లేషణ కాదు. వీల్‌చైర్ చేతికివ్వడం అవుట్‌పుట్. దానిమీద మనిషి గడప దాటి పనికో బడికో వెళ్లగలగడం అవుట్‌కమ్.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. వారిలో కదలిక లోపం ఉన్నవారు 54 లక్షలకు పైనే. ఏడీఐపీ 1981 నుంచి నడుస్తోంది. 2020 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ శిబిరంలో దివ్యాంగులకు, వృద్ధులకు కలిపి 26 వేల మందికి పైగా 56 వేలకు మించిన ఉపకరణాలు పంచారు. గిన్నిస్ రికార్డులు కూడా నమోదయ్యాయి. ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని వాడుకలో ఉన్నాయో గిన్నిస్ చెప్పదు. చెప్పాల్సింది ప్రభుత్వం. మన దేశంలో అవుట్‌కమ్ బడ్జెట్ మొదలైంది 2005లో. ఇన్నేళ్లకూ పత్రికా ప్రకటనల్లో పెద్దక్షరాలు పంపిణీ సంఖ్యకే!

సరిపోని కుర్చీ హాని చేస్తుంది. సీటు వెడల్పు ఎక్కువైతే నడుము ఒకవైపు ఒరుగుతుంది. వెన్నుపూస దెబ్బతిని స్పర్శ లేనివారికి సరైన కుషన్ లేకపోతే పుండ్లు పడతాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాలు వీల్‌చైర్ సేవను ఎనిమిది దశలుగా విడదీశాయి. చివరిది మరమ్మతు, తదుపరి పరిశీలన. అది పంపిణీ శిబిరంలో జరిగే పని కాదు.

కొలిచే సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. క్వెస్ట్ 2.0లో 12 అంశాలు: ఎనిమిది ఉపకరణం గురించి, నాలుగు సేవ గురించి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. ప్రశ్నలు, స్కేలు అందరికీ ఒకటే అయినప్పుడే జిల్లాను జిల్లాతో, మోడల్‌ను మోడల్‌తో పోల్చగలం.

‘ఉచితంగా ఇచ్చినదాన్ని ఎవరైనా బాగుందనే అంటారు’ అన్న అభ్యంతరం నిజమే. అందుకే తృప్తి ఒక్కటే అడిగితే చాలదు. గత వారం ఎన్ని రోజులు బయటికి వెళ్లారు? ఎవరి సాయమూ లేకుండానా? పుండ్లు పడ్డాయా? పాడైతే బాగుచేయడానికి ఎన్ని రోజులు పట్టింది? ఇవీ అడగాలి.

‘ముందు అందరికీ కుర్చీలు అందనివ్వండి, కొలతలు తర్వాత’ అనేది రెండో వాదన. వినడానికి బాగుంటుంది. కానీ ఏడీఐపీ నిబంధన ప్రకారం ఒకసారి సాయం పొందినవారు అదే అవసరానికి మూడేళ్లు ఆగాలి, 12 ఏళ్లలోపు పిల్లలైతే ఏడాది. అంటే పనికిరాని కుర్చీ అందినవారి గతి ఏమీ అందనివారి కన్నా అధ్వానం. మూలన పడ్డ కుర్చీతో ఇంట్లోనే ఉన్నా, జాబితాలో మాత్రం వారు లబ్ధిదారులే.

చేయాల్సింది కష్టమేమీ కాదు. యూడీఐడీ కార్డుతో అనుసంధానించి, కుర్చీ ఇచ్చిన మూడు నెలలకు, ఏడాదికి అవే ప్రశ్నలు వారి భాషలోనే అడగాలి. అడిగేది సరఫరాదారు కాకూడదు. జిల్లాల వారీగా, మోడల్ వారీగా ఫలితాలు బయటపెట్టాలి. సరఫరాదారుకు చెల్లించే సొమ్ములో కొంత ఆ ఫలితం తేలాకే విడుదల చేయాలి.

ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించింది. అందులోని 20వ అధికరణ హామీ ఇచ్చేది వ్యక్తిగత చలనశీలతకే, కుర్చీల సంఖ్యకు కాదు. సుగమ్యత ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదని, వాటిని తప్పనిసరి చేయాలని రాజీవ్ రతూరి కేసులో 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉపకరణాల ఫలితాలను కొలవడమూ అలాగే తప్పనిసరి కావాలి. రేపు మీలో ఒకరు కలెక్టర్ కుర్చీలో కూర్చుంటే, ‘ఎన్ని పంచాం?’ అని కాక ‘ఎంతమంది కదిలారు?’ అని అడగండి.