పాడినవాడు సరే, రాసినవాడెవరు?

మా కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర వచ్చిందంటే మైకు సెట్లతో ఊరు దద్దరిల్లిపోతుంది. ఒక జాతరలో మన యాసలో పాటొకటి మోగుతూంటే పిల్లాజెల్లా అంతా అందుకున్నారు. పక్కనున్న పెద్దాయన్ని “ఈ పాట ఎవరు రాశారు తాతా?” అని అడిగాను. “ఎవులు రాస్తారు బాబూ! అది మన పాట” అన్నాడాయన.

ఆ మాటకు మొదట పొంగిపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే మనసు చివుక్కుమంది. ఆ పాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. మన పాటే, కాదనను. కాని అది చెట్టున కాసింది కాదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు రాసింది. ఆయన గజ్జె కట్టి ఆడి పాడిన పాట, ఎందరి గొంతుల్లోనో తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ రాసినవాడి పేరు దారిలో జారవిడుచుకుంది.

పాట అంతగా జనంలో కలిసిపోవడం కవికి గౌరవమే కదా అని కొందరంటారు. ఆ గౌరవం కవికి అన్నం పెట్టదు సరికదా, పేరు కూడా మిగల్చదు. అందుకే నేను చెప్పొచ్చేదేమిటంటే, మంచి గొంతున్న గాయకుడు ఎవరైనా సరే, జీవితంలో ఒక్కసారైనా ఒక రికార్డు మొత్తాన్ని ఒకే ఒక్క కవికి అంకితం చెయ్యాలి.

ఇది కొత్త ఊహేమీ కాదు. అమెరికాలో కంట్రీ సంగీతమని ఒకటుంది. పొలాల్లో, మిల్లుల్లో, లారీల మీద బతికేవాళ్ల కష్టసుఖాల పాటలవి. రంపపు మిల్లులో పనిచేస్తూ కొన్ని చేతివేళ్లు పోగొట్టుకున్న బిల్లీ జో షేవర్ అనే టెక్సాస్ మనిషి అటువంటి పాటలు కట్టేవాడు. 1972లో వేలన్ జెన్నింగ్స్ అనే పేరున్న గాయకుడు అతని పాటలు విని, రికార్డు చేస్తానని మాటిచ్చాడు. ఆ తరువాత నెలల తరబడి ఉలుకూ లేదు, పలుకూ లేదు. షేవర్ ఊరుకోలేదు. నాష్‌విల్ నగరంలో స్టూడియో దాకా వెంటబడ్డాడు. వంద డాలర్లు చేతిలో పెట్టి పంపెయ్యబోతే తీసుకోలేదు. నా పాటలు వింటావా, తన్నులు తింటావా అని నలుగురిలో నిలదీశాడు! చివరకు 1973లో ‘హాంకీ టాంక్ హీరోస్’ అనే ఆల్బం వచ్చింది. పది పాటల్లో ఒక్కటి తప్ప తొమ్మిదింటిలోనూ షేవర్ చెయ్యి ఉంది. ఆనాటి నుంచి అతనెవరో దేశానికి తెలిసింది.

ఒక్క పాట వింటే పాట మాత్రమే వింటాం. తొమ్మిది పాటలు వరుసగా వింటే మనిషిని వింటాం. అతనికి ఏ మాటంటే ఇష్టమో, ఏ బాధ పదే పదే తిరిగొస్తుందో, ఎక్కడ నవ్వుతాడో తెలుస్తుంది. నేను కోరేది అదే.

మనకు మాత్రం ఈ సంప్రదాయం లేదా? భక్త రామదాసు కీర్తనలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో ఇంటింటికీ చేరాయి. మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, కరుణశ్రీ పద్యాలను గ్రామఫోను రికార్డుకెక్కించారు. ‘పుష్పవిలాపం’ తలుచుకుంటే ఘంటసాల గొంతూ, కరుణశ్రీ పేరూ రెండూ కలిసే గుర్తొస్తాయి. కవినీ గాయకునీ విడదియ్యలేనంతగా కలిపిందా రికార్డు.

మరి మన ఉత్తరాంధ్ర కవుల మాటేమిటి? నరసన్నపేట తాలూకా గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ రాసి 1922లో జైలుకు వెళ్లారు. తెల్ల దొరకు ఆ పాట రాసిందెవరో బాగా తెలుసు. తెలుసు గనుకనే శిక్ష వేశాడు! పేరు మరిచిపోయింది మనం. ఆయన 1952లో మద్రాసులో కటిక దారిద్ర్యంలో కన్నుమూశారు. వంగపండు 2020 ఆగస్టులో పోయారు. చిత్రమేమిటంటే, షేవర్ పోయిందీ ఆ ఏడాది అక్టోబరులోనే.

2023లో మా ఊరి పేరుతో ‘కోటబొమ్మాళి పీఎస్’ అనే సినిమా వచ్చింది. అందులో మన యాస పాట ఒకటి ఊరూవాడా మోగింది. పోస్టరు మీద ఊరు పేరు చూసి మురిసిపోయాం. పాట కట్టిందెవరని అడిగినవాళ్లు మనలో ఎందరు?

ఒకే కవి పాటలైతే వినేవాళ్లకు విసుగు పుడుతుందని ఒక ఆక్షేపణ. విసుగు పుట్టించే కవైతే ఒక్క పాటకే పుట్టిస్తాడు. జానపదం ఎవరి సొత్తూ కాదు, పేర్లెందుకని ఇంకొక ఆక్షేపణ. నిజంగా రాసినవారు తెలియని పాటలున్నాయి, వాటికి దణ్ణం పెడదాం. ఊడ్పుల్లో పాడే అవ్వ దగ్గర నేర్చుకుంటే ఆ అవ్వ పేరైనా చెబుదాం. కాని తెలిసిన కవిని తెలియనివాణ్ణి చెయ్యడం జానపదం మీద ప్రేమ కాదు, మన బద్ధకం.

రికార్డింగుకు వేలకు వేలు పోయాలనే రోజులు పోయాయి. జేబులో ఫోనుంటే చాలు. అందుచేత మన విద్యార్థి సంఘానికి నా మనవి రెండే రెండు. సాంస్కృతిక వారోత్సవాల్లో పాటకు ముందు రచయిత పేరు చెప్పనివారికి మార్కులు తగ్గించండి. ఏటా ఒక సాయంకాలం ఒకే కవికి కేటాయించి, ఆయన పాటలు పది పాడించి, రికార్డు చేసి లైబ్రరీలో దాచండి. మొదటి ఏడు గరిమెళ్ల, రెండో ఏడు వంగపండు.

వచ్చే జాతరకు ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తాడు. “తాతా, అది మన పాటే. మన వంగపండు రాసిన పాట” అని చెప్పాలని ఉంది. నేనొక్కణ్ణి చెబితే మైకు హోరులో కలిసిపోతుంది. మీరూ గొంతు కలపండి.