రెండు వేళ్లు మొరాయిస్తే... విద్య పోయినట్టేనా?

క్యాంపస్‌లో ఎవరినైనా 'నీకేం వచ్చు?' అని అడగండి. జావా, పైథాన్, రియాక్ట్ అంటూ గబగబా చెప్పేస్తారు. రెజ్యూమెల్లోనూ ఇదే వరస. కానీ ఇవన్నీ పనిముట్లే కదా! రేపు ఆ పనిముట్టు మూలనపడితే మీ చేతిలో మిగిలేదేంటి? ఈ ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు ఐటీ రంగంలో దొరకలేదు. లియోన్ ఫ్లైషర్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడి జీవితంలో దొరికింది.

పియానోకీ మన ప్లేస్‌మెంట్లకీ ఏంటి సంబంధం అనుకోకండి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కచేరీ పియానిస్ట్ కావడమంటే పాలు తాగే వయసు దాటగానే మొదలుపెట్టి, ఏళ్లకేళ్లు గంటలకొద్దీ సాధన చేయడం. అంతా చేశాక కూడా కొద్దిమందికే వేదిక దక్కుతుంది. పోటీ సంగతి మీకు కొత్తగా చెప్పాలా?

టాపర్ జీవితం

ఫ్లైషర్ 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తొమ్మిదేళ్లకే ఆర్టుర్ ష్నాబెల్ అనే మహా విద్వాంసుడి దగ్గర శిష్యరికం. పదహారేళ్లకు, అంటే 1944లో, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కచేరీ. 1952లో బ్రసెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీలో గెలిచిన తొలి అమెరికన్ ఆయనే. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి ఆయన రికార్డు చేసిన బీతోవెన్, బ్రామ్స్ కాన్సర్టోలను సంగీతాభిమానులు ఇప్పటికీ వెతుక్కుని వింటారు. మన భాషలో చెప్పాలంటే అన్ని రౌండ్లూ క్లియర్ చేసిన మనిషి.

1964లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, ఆయన కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాట వినడం మానేశాయి. వాటంతటవే లోపలికి ముడుచుకుపోయేవి. ఇంకా గట్టిగా సాధన చేస్తే దారికొస్తాయనుకున్నారు. పరిస్థితి మరింత దిగజారింది. అది ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సంబంధ సమస్య అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇందులో చేతిలో సత్తువ ఉంటుంది కానీ, మెదడు నుంచి వేళ్లకు అందే సంకేతాలు గాడి తప్పుతాయి. మితిమీరిన సాధనే తన చేతిని దెబ్బతీసిందని ఆయనే తర్వాత చెప్పారు.

వేళ్లు పోయాయి, సంగీతం పోలేదు

కొంతకాలం ఆయన తీవ్రంగా కుంగిపోయారు. అందులో వింతేమీ లేదు. తర్వాత ఒక్కో దారీ తెరుచుకుంది. మొదటిది, ఎడమచేతి సంగీతం. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పాల్ విట్గెన్‌స్టైన్ అనే ఆస్ట్రియా పియానిస్ట్ కోసం ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ ఒంటిచేత్తో వాయించే కాన్సర్టో రాశారు. ఫ్లైషర్ అలాంటి రచనలను తన కచేరీలకు ఆధారం చేసుకున్నారు. రెండోది, ఆర్కెస్ట్రాకు నిర్వాహకత్వం. మూడోది, అన్నిటికన్నా పెద్దది, పాఠం చెప్పడం. ఆంద్రే వాట్స్, యెఫిమ్ బ్రాంఫ్‌మన్, జొనాథన్ బిస్ లాంటి పేరున్న పియానిస్టులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే.

ఇక్కడ ఒక తేదీ చూడండి. బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో ఆయన బోధన మొదలుపెట్టింది 1959లో. అంటే చేయి మొరాయించడానికి అయిదేళ్ల ముందు, కెరియర్ జోరుగా సాగుతున్నప్పుడు. నా పాయింటంతా ఇదే. మీకు తెలిసిన విద్యకు రెండో ఉపయోగాన్ని వెతకాల్సింది మొదటిది బాగా నడుస్తున్నప్పుడే. ఇల్లు తగలబడ్డాక బావి తవ్వితే లాభంలేదు.

'అంటే అన్నీ కొంచెం కొంచెం నేర్చుకోవాలా?' అని అడగొచ్చు. కాదు. ఫ్లైషర్ సంగీతం వదిలి ఇంకో వ్యాపారంలోకి దూకలేదు. ఒక్క విద్యలోనే లోతుకెళ్లారు. ఆ లోతు ఉంది కాబట్టే వేళ్లు సహకరించకపోయినా చెవి, బుర్ర, మాట పనిచేశాయి. పది కోర్సుల సర్టిఫికెట్లు పోగేసినవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

మరి మనమేం చేయాలి?

ఫ్రెషర్లు చేసే చిన్నచిన్న కోడింగ్ పనులను ఏఐ టూల్స్ చకచకా చేసేస్తున్న కాలమిది. సింటాక్స్ మన వేళ్లలాంటిది. సమస్యను ముక్కలుగా విడదీయడం, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం... ఇవీ మన సంగీతం. రెజ్యూమెలో టూల్ పేరు పక్కనే దానితో ఏ సమస్య తీర్చారో ఒక్క వాక్యం రాయండి. రాయడానికి ఏమీ తట్టకపోతే మీకొచ్చింది టూల్ మాత్రమేనని అర్థం. బ్లాగు రాస్తూ నేను గమనించిందొకటుంది. తెలిసిందనుకున్న విషయాన్ని నలుగురికి వివరించబోయినప్పుడే అందులో మనకు తెలియనిదెంతో బయటపడుతుంది. బోధనను మించిన ఇంటర్వ్యూ ప్రిపరేషన్ లేదు.

ఇంకోమాట. మణికట్టు నొప్పెడుతున్నా, కళ్లు మండుతున్నా 'ఇంకో రెండు గంటలు' అని కూర్చోవడం పట్టుదల కాదు. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. గంటలు పెంచితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం ఎంత ఖరీదైనదో ఫ్లైషర్‌ని చూస్తే తెలుస్తుంది.

ఆయన కుడిచేయి కొంత కోలుకుంది. 1990ల్లో బొటాక్స్ ఇంజెక్షన్లతో వేళ్లు సడలాయి. 2004లో 'టూ హ్యాండ్స్' పేరుతో రెండు చేతులా వాయించిన ఆల్బమ్ వచ్చింది. 2007లో కెనెడీ సెంటర్ గౌరవం దక్కింది. పూర్తిగా నయమవ్వలేదు, ఇంజెక్షన్లు తప్పలేదు. 2020లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కానీ ఈ ముగింపు లేకపోయినా ఆయన జీవితం నిండుగానే ఉండేది. మధ్యలోని ఆ ముప్ఫై ఏళ్లూ ఆయన ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు కాబట్టి.

ఈ వారం ఒక పని చేయండి. మీకు బాగా వచ్చిన ఒక అంశాన్ని, ల్యాప్‌టాప్ తెరవకుండా, కాగితం మీద ఓ జూనియర్‌కి అర్థమయ్యేలా చెప్పండి. అది నిజంగా వచ్చిందో లేదో మీకే తెలుస్తుంది.